వాల్టర్ రీడ్

వాల్టర్ రీడ్ (సెప్టెంబరు 13, 1851 - నవంబరు 23, 1902) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన సైనిక వైద్యుడు, సూక్ష్మజీవ శాస్త్రవేత్త. ఎల్లో ఫీవర్ అనే ప్రాణాంతక వ్యాధి దోమకాటు ద్వారా వ్యాపిస్తుందని 1900లో క్యూబాలో జరిపిన ప్రయోగాల ద్వారా నిరూపించిన సంఘానికి ఇతడు అధ్యక్షుడు. ఆ ప్రయోగాలు మనుషుల మీదనే జరిగాయి. వాటిలో పాల్గొన్నవారికి ముందుగా ప్రమాదాన్ని తెలియజేసి, వ్రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవడం వైద్యచరిత్రలో ముఖ్యమైన ఘట్టం. నేడు కొత్త మందులను, టీకాలను పరీక్షించేటప్పుడు తప్పనిసరిగా తీసుకునే సమ్మతి పత్రానికి తొలి రూపాలలో ఒకటిగా రీడ్ సంఘం రూపొందించిన ఒప్పంద పత్రాన్ని చరిత్రకారులు పేర్కొంటారు.

బాల్యం, విద్యాభ్యాసం

రీడ్ వర్జీనియా రాష్ట్రంలోని గ్లోస్టర్ కౌంటీకి చెందిన బెల్‌రాయ్ అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి లెమ్యుయెల్ సట్టన్ రీడ్ మెథడిస్టు క్రైస్తవ మతబోధకుడు. తల్లి ఫరాబా వైట్. ఐదుగురు సంతానంలో వాల్టర్ చివరివాడు. అతని బాల్యంలోనే అమెరికా అంతర్యుద్ధం (1861-65) జరిగింది.

రీడ్ 1869లో, పద్దెనిమిదేళ్ళు నిండకముందే, వర్జీనియా విశ్వవిద్యాలయం నుండి వైద్యపట్టా పొందాడు. మరుసటి సంవత్సరం న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ హాస్పిటల్ మెడికల్ కాలేజీ నుండి రెండవ వైద్యపట్టా పొందాడు. కొంతకాలం న్యూయార్క్, బ్రూక్లిన్ నగరాలలో పనిచేసి, అక్కడి పేదల వాడలలో అంటువ్యాధులు ప్రబలే తీరును దగ్గరగా చూశాడు.

సైన్యంలో ఉద్యోగం

1875లో రీడ్ సైనిక వైద్యవిభాగంలో చేరాడు. 1876లో ఎమిలీ లారెన్స్‌ను వివాహమాడాడు. వీరికి ఒక కుమారుడు, ఒక కుమార్తె. తరువాత పదిహేనేళ్ళకు పైగా అరిజోనా, నెబ్రాస్కా మొదలైన ప్రాంతాలలోని మారుమూల సైనిక స్థావరాలలో పనిచేశాడు. అక్కడ సైనికులకే గాక చుట్టుపట్ల నివసించే వలసదారులకు, ఆదిమవాసులకు కూడా వైద్యం చేసేవాడు.

1890లో బాల్టిమోరు నగరంలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం వెల్చ్ అనే ప్రముఖ శాస్త్రవేత్త వద్ద సూక్ష్మజీవ శాస్త్రం అభ్యసించే అవకాశం లభించింది. ఈ చదువు రీడ్ జీవితాన్ని మలుపు తిప్పింది. 1893లో వాషింగ్టన్‌లోని సైనిక వైద్య మ్యూజియమునకు పర్యవేక్షకుడుగాను, అప్పుడే నెలకొల్పిన సైనిక వైద్య కళాశాలలో ఆచార్యుడుగాను నియమితుడయ్యాడు.

1898లో స్పెయిన్‌తో జరిగిన యుద్ధంలో అమెరికా సైన్యంలో శత్రువుల చేతిలో చనిపోయిన వారికంటె రోగాలతో చనిపోయిన వారే ఎక్కువ. శిబిరాలలో టైఫాయిడ్ వ్యాపించడానికి గల కారణాలను పరిశోధించిన సంఘానికి రీడ్ నాయకత్వం వహించాడు. కలుషితమైన నీరు మాత్రమే గాక ఈగలు, రోగులతో సాన్నిహిత్యం, శిబిరాల అపరిశుభ్రత కూడా వ్యాధి వ్యాప్తికి కారణాలని ఆ సంఘం తేల్చింది.

ఎల్లో ఫీవర్ సమస్య

ఎల్లో ఫీవర్‌ను తెలుగులో పీతజ్వరం అని కూడా వ్రాస్తారు. తీవ్రమైన జ్వరం, కామెర్లు, రక్తపు వాంతులు దీని లక్షణాలు. 1793లో ఫిలడెల్ఫియా నగర జనాభాలో సుమారు పదోవంతు ఈ వ్యాధికి బలి అయ్యారు. 1878లో మిసిసిపీ నదీలోయలో సుమారు 20,000 మంది మరణించారు. ఫ్రెంచివారు 1881లో మొదలుపెట్టిన పనామా కాలువ పని విఫలం కావడానికి ఈ జ్వరం, మలేరియా ముఖ్య కారణాలు. స్పెయిన్‌తో యుద్ధం ముగిశాక క్యూబా అమెరికా సైన్యం ఆధీనంలోకి వచ్చింది. దానితో అక్కడి సైనికులకు ఈ వ్యాధి పెద్ద ముప్పుగా పరిణమించింది.

రోగి వాడిన దుస్తులు, పరుపుల ద్వారా వ్యాధి సోకుతుందని ఆ రోజులలో చాలామంది వైద్యుల నమ్మకం. హవానాకు చెందిన కార్లోస్ ఫిన్లే అనే వైద్యుడు మాత్రం దోమల ద్వారా సోకుతుందని 1881లోనే ప్రతిపాదించాడు. కాని అతని ప్రయోగాలు నమ్మదగిన రుజువును ఇవ్వలేకపోయాయి.

1897లో జరిగిన రెండు సంఘటనలకు ఈ కథతో సంబంధం ఉంది. ఆ ఏడాది ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. దోమ రోగవాహిని కాగలదన్న భావనకు దీనితో బలం వచ్చింది. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి దోమలచేత కుట్టించుకోగా, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున రాస్ అతనికి చెల్లించాడు. అక్కడ దోమ కుట్టింది అప్పటికే మలేరియా ఉన్న మనిషిని. క్యూబాలో తేలవలసిన విషయం వేరు. రోగిని కుట్టిన దోమ ఆరోగ్యవంతుడికి వ్యాధిని ఇవ్వగలదా అన్నది ఆరోగ్యవంతుడిని కుట్టించి చూస్తే తప్ప తెలియదు. ఈ వ్యాధి సోకే జంతువేదీ అప్పటికి తెలియదు కనుక మనిషి మీద తప్ప వేరే విధంగా పరీక్షించే మార్గం లేదు. వ్యాధికి మందు కూడా లేదు.

రెండవ సంఘటన దక్షిణ అమెరికాలోని ఉరుగ్వేలో జరిగింది. ఇటలీకి చెందిన జుసెప్పె సనరెల్లి అనే శాస్త్రవేత్త ఎల్లో ఫీవర్‌కు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నానని ప్రకటించాడు. దానిని నిరూపించడానికి ఐదుగురు ఆసుపత్రి రోగులకు, వారికి తెలియజేయకుండానే, ఆ సూక్ష్మజీవికి సంబంధించిన ద్రవాన్ని సూదిద్వారా ఎక్కించాడు. ప్రసిద్ధ వైద్యాచార్యుడు విలియం ఆస్లర్ ఈ పనిని నేరంగా పరిగణించి బహిరంగంగా ఖండించాడు. 1900లో అమెరికా సెనేట్‌లో జేకబ్ గాలింజర్ అనే సభ్యుడు రాజధాని వాషింగ్టన్‌లో మనుషులపై జరిగే ప్రయోగాలను నియంత్రించే బిల్లును ప్రవేశపెట్టాడు. అది చట్టం కాలేదు. రీడ్ క్యూబాకు వెళ్ళేనాటికి ఈ చర్చ వైద్యలోకంలో సజీవంగా ఉంది.

ఎల్లో ఫీవర్ సంఘం

1900 మే నెలలో సైనిక వైద్యవిభాగాధిపతి జార్జి స్టెర్న్‌బర్గ్ నలుగురు సభ్యులతో ఒక సంఘాన్ని నియమించాడు. రీడ్ అధ్యక్షుడు. జేమ్స్ కారొల్, జెస్సీ లజీర్, అరిస్టిడెస్ అగ్రమాంటె సభ్యులు. జూన్ నెలాఖరులో వీరు క్యూబా చేరుకొని, మొదట సనరెల్లి చెప్పిన సూక్ష్మజీవి కోసం వెదికారు. రోగుల రక్తంలో అది కనిపించలేదు. తరువాత వీరి దృష్టి ఫిన్లే సిద్ధాంతం వైపు మళ్ళింది. ఫిన్లే స్వయంగా దోమగ్రుడ్లను ఇచ్చి సహకరించాడు. హెన్రీ కార్టర్ అనే వైద్యుడి పరిశీలన కూడా వీరికి తోడ్పడింది. ఒక ఊరిలో మొదటి రోగి కనిపించిన తరువాత, అతని వలన ఇతరులకు వ్యాధి సోకడానికి సుమారు రెండు వారాలకు పైగా పడుతుందని కార్టర్ గమనించాడు. ఆ వ్యవధిలో వ్యాధికారకం దోమ శరీరంలో పక్వమవుతుందని ఊహించడానికి ఇది ఆధారమయింది.

ఇతరులను ప్రమాదంలోకి నెట్టే ముందు తమ మీద తామే ప్రయోగం చేసుకోవాలని సభ్యులు నిర్ణయించుకున్నారు. అయితే టైఫాయిడ్ నివేదిక పూర్తి చేయడానికి ఆగస్టు మొదట్లో రీడ్ వాషింగ్టన్ వెళ్ళాడు. బాల్యంలోనే ఈ వ్యాధి సోకి అగ్రమాంటెకు రోగనిరోధక శక్తి ఏర్పడి ఉంటుందని భావించారు. కనుక ప్రమాదం కారొల్, లజీర్‌ల మీద పడింది.

ఆగస్టు 27న కారొల్ దోమచేత కుట్టించుకున్నాడు. నాలుగు రోజులకు జబ్బుపడి చావుబ్రతుకుల మధ్య కొట్టుమిట్టాడి కోలుకున్నాడు. ఆ వెంటనే విలియం డీన్ అనే సైనికుడు దోమకాటుకు అంగీకరించి, జబ్బుపడి, కోలుకున్నాడు. సెప్టెంబరులో లజీర్‌ను కూడా దోమ కుట్టింది. ఆసుపత్రిలో పొరపాటున కుట్టిందని అతడు చెప్పినా, తనమీద తానే ప్రయోగం చేసుకున్నాడని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. సెప్టెంబరు 25న లజీర్ మరణించాడు. అప్పటికి అతని వయస్సు 34 సంవత్సరాలు. భార్య, ఇద్దరు పసిపిల్లలు ఉన్నారు.

అక్టోబరు మొదటి వారంలో రీడ్ క్యూబాకు తిరిగివచ్చాడు. లజీర్ వ్రాసి ఉంచిన వివరాలను పరిశీలించి, అక్టోబరు 23న ఇండియానాపోలిస్‌లో జరిగిన ప్రజారోగ్య సమావేశంలో ప్రాథమిక నివేదిక సమర్పించాడు. ఆ సమావేశానంతరం రీడ్ తాను దోమకాటు వేయించుకోలేదు. యాభై ఏళ్ళకు దగ్గరైన వ్యక్తికి ఈ జ్వరం సోకితే బ్రతకడం కష్టమని సహచరులు వారించారు. సహచరుడు మరణించగా తాను దూరంగా ఉండటం రీడ్‌ను విమర్శించేవారికి అప్పుడూ తరువాతా ఒక కారణమయింది.

క్యాంప్ లజీర్

అంతవరకు జరిగిన కేసులలో లోపం ఉంది. కారొల్ దోమకాటుకు ముందు రోగులున్న ప్రదేశాలలో తిరిగాడు. కనుక వ్యాధి దోమ వలననే వచ్చిందని గట్టిగా చెప్పడానికి వీలులేదు. అందువలన రీడ్ కట్టుదిట్టమైన ప్రయోగానికి పథకం వేశాడు. గవర్నర్ జనరల్ లెనార్డ్ వుడ్ ఇందుకు 10,000 డాలర్లు మంజూరు చేశాడు. హవానా సమీపంలోని కెమడోస్ వద్ద నవంబరు 20న ఒక శిబిరం ఏర్పాటు చేసి, మరణించిన సహచరుడి పేరుమీద దానికి క్యాంప్ లజీర్ అని పేరు పెట్టారు. బయటివారి రాకపోకలను నిషేధించారు.

శిబిరంలో రెండు చిన్న చెక్క ఇళ్ళు కట్టారు. మొదటి ఇంటిని గాలి చొరబడకుండా, వేడిగా ఉంచారు. అందులో రోగుల వాంతులతో, మలమూత్రాలతో మలినమైన దుప్పట్లు, దుస్తులు పెట్టారు. రాబర్ట్ కుక్ అనే వైద్యుడు, ఇద్దరు సైనికులు నవంబరు 30 నుండి వరుసగా 20 రాత్రులు అందులో నిద్రించారు. వీరి తరువాత మరికొందరు అదేవిధంగా ఉన్నారు. ఎవరికీ జ్వరం రాలేదు.

రెండవ ఇల్లు శుభ్రమైనది, గాలి బాగా వచ్చేది. దానిని సన్నని తీగవలతో రెండు భాగాలు చేశారు. ఒక భాగంలో వ్యాధిగ్రస్త దోమలను వదిలారు. డిసెంబరు 21న జాన్ మోరన్ అనే పౌర ఉద్యోగి ఆ భాగంలో పడుకొని దోమలచేత కుట్టించుకున్నాడు. డిసెంబరు 25న అతనికి జ్వరం వచ్చింది. అదే ఇంట్లో, అదే గాలి పీలుస్తూ వలకు అవతల ఉన్నవారు ఆరోగ్యంగానే ఉన్నారు. అంతకుముందే డిసెంబరు 8న జాన్ కిసింజర్ అనే సైనికుడు దోమకాటు వలన జబ్బుపడ్డాడు. కొందరు స్పెయిన్ దేశీయులకు కూడా జ్వరం వచ్చింది. రోగిని కుట్టిన దోమ సుమారు 12 రోజుల తరువాతనే ఇతరులకు వ్యాధిని ఇవ్వగలదని తేలింది. క్యాంప్ లజీర్‌లో జబ్బుపడినవారందరూ కోలుకున్నారు.

సమ్మతి పత్రం

ప్రయోగంలో పాల్గొన్నవారిలో అమెరికా సైనికులు, అప్పుడే క్యూబాకు వచ్చిన స్పెయిన్ దేశపు వలసదారులు ఉన్నారు. వలసదారులను చేర్చుకునే ముందు సంఘం హవానాలోని స్పెయిన్ కాన్సల్‌ను కలిసి అనుమతి తీసుకుంది. ప్రతి వ్యక్తితోను స్పానిష్, ఆంగ్ల భాషలలో ఒప్పంద పత్రం వ్రాయించుకున్నారు. 1900 నవంబరు 26 తేదీతో అంటోనియో బెనిగ్నో అనే వలసదారుడి పేరున ఉన్న పత్రం నేటికీ వర్జీనియా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రంగా ఉంది.

పత్రంలోని ముఖ్యాంశాలు ఇవి:
* పాల్గొనే వ్యక్తి వయస్సు 25 సంవత్సరాలకు పైబడి ఉండాలి.
* అతడు తన ఇష్టపూర్వకంగానే ప్రయోగాలకు సమ్మతిస్తున్నాడు.
* వ్యాధి సోకినట్లయితే ప్రాణానికి కొంతమేరకు ప్రమాదం ఉందని అతనికి తెలుసు. అయితే ఈ ద్వీపంలో ఉన్నంతకాలం వ్యాధిని తప్పించుకోవడం ఎటూ సాధ్యం కాదు గనుక, మంచి వైద్యం లభించేచోట దానిని కావాలని తెచ్చుకోవడానికి సిద్ధపడుతున్నాడు.
* ప్రయోగం పూర్తయితే 100 డాలర్లు, వ్యాధి సోకితే అదనంగా మరో 100 డాలర్లు బంగారు నాణేల రూపంలో చెల్లిస్తారు.
* అతడు మరణిస్తే ఆ సొమ్ము అతడు సూచించిన వ్యక్తికి అందజేస్తారు.
* ప్రయోగకాలంలో శిబిరం హద్దులు దాటిపోరాదు. దాటితే సొమ్ముపై హక్కు కోల్పోతాడు.

మనిషికి ప్రమాదాన్ని ముందుగా తెలిపి, అతని మాతృభాషలో పత్రం వ్రాసి, సమ్మతి తీసుకోవడం ఆనాటికి అరుదైన విషయం. సనరెల్లి రోగులకు ఏమి చేస్తున్నారో కూడా తెలియదు. బెనిగ్నోకు తెలుసు. ఈ రెంటికీ గల తేడాయే రీడ్ పత్రం విలువ.

అయితే ఈ పత్రంలోని లోపాలను తరువాతి చరిత్రకారులు ఎత్తిచూపారు. ప్రాణాపాయాన్ని తగ్గించి చెప్పడం మొదటి లోపం. లజీర్ మరణించి అప్పటికి రెండు నెలలే అయింది. వ్యాధి ఎటూ తప్పదని చెప్పడం రెండవది. క్యూబాకు వచ్చిన ప్రతివాడికీ ఈ జ్వరం రాలేదు. చేతిలో పనిలేని కొత్త వలసదారుడికి 200 డాలర్లు చాలా పెద్ద మొత్తం. అంత సొమ్ము ఆశ చూపినప్పుడు ఇష్టపూర్వకం అనే మాటకు ఎంత విలువ ఉంటుందన్నది మూడవ ప్రశ్న. శిబిరం విడిచిపోతే సొమ్ము పోతుందనే నిబంధన నేటి నియమాలకు పూర్తిగా విరుద్ధం. మధ్యలో మానుకునే హక్కు నేడు సమ్మతిలో ముఖ్యభాగం. తోటివారు జబ్బుపడటం చూసి కొందరు వలసదారులు సొమ్ము వద్దనుకొని ఆనాడే వెళ్ళిపోయారు. మరోవైపు కిసింజర్, మోరన్ తమకు సొమ్ము వద్దని చెప్పి పాల్గొన్నారు. అయితే సైనికుడు తన పై అధికారి అడిగినప్పుడు ఎంతవరకు కాదనగలడు అన్నదీ ఆలోచించవలసిన విషయమే.

ఫలితాలు

1901 ఫిబ్రవరిలో హవానాలో జరిగిన వైద్యుల మహాసభలో రీడ్ తుది ఫలితాలు ప్రకటించాడు. విలియం గోర్గాస్ అనే సైనిక వైద్యుడు హవానాలో నీటితొట్లకు మూతలు పెట్టించి, దోమల నిర్మూలనకు పూనుకున్నాడు. కొద్ది నెలలలోనే నగరంలో ఎల్లో ఫీవర్ తొలగిపోయింది. తరువాత గోర్గాస్ ఇదే పద్ధతిని పనామాలో అమలుచేశాడు. 1914లో పనామా కాలువ ప్రారంభం కావడానికి ఇది ముఖ్య కారణం. 1901లోనే కారొల్ వడపోసిన రక్తద్రవంతో చేసిన ప్రయోగాల వలన వ్యాధికారకం బాక్టీరియా కంటె సూక్ష్మమైనదని తెలిసింది. మనుషులకు రోగం కలిగించే వైరస్‌లలో మొదట కనుగొన్నది ఇదే.

సమ్మతి పత్రం ప్రయోగాన్ని నిరపాయం చేయదని అదే సంవత్సరం రుజువయింది. రీడ్ సంఘంతో సంబంధం లేకుండా హువాన్ గిటెరాస్ అనే వైద్యుడు హవానాలో దోమకాటు ద్వారా తేలికపాటి జ్వరం తెప్పించి, రోగనిరోధక శక్తి కలిగించాలని ప్రయత్నించాడు. ముగ్గురు చనిపోయారు. వారిలో 25 సంవత్సరాల అమెరికన్ నర్సు క్లారా మాస్ ఒకరు. ఆమె 1901 ఆగస్టు 24న మరణించింది. దీనితో ఆ ప్రయోగాలు ఆగిపోయాయి.

మరణం

1902లో హార్వర్డ్, మిచిగన్ విశ్వవిద్యాలయాలు రీడ్‌కు గౌరవ పట్టాలు ఇచ్చాయి. అదే సంవత్సరం నవంబరులో అతనికి అపెండిసైటిస్ వచ్చింది. శస్త్రచికిత్స చేసినా ఉదరకుహరంలో చీము చేరి నవంబరు 23న వాషింగ్టన్‌లో మరణించాడు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో ఖననం చేశారు.

సమ్మతి - తరువాతి చరిత్ర

క్యాంప్ లజీర్‌లో ప్రయోగాలు జరుగుతున్న సమయంలోనే, 1900 డిసెంబరు 29న జర్మనీలోని ప్రష్యా ప్రభుత్వం వైద్యప్రయోగాలకు స్పష్టమైన సమ్మతి ఉండాలని ఆసుపత్రులను ఆదేశించింది. అయినా ఇరవయ్యవ శతాబ్దంలో దారుణాలు ఆగలేదు. నాజీ వైద్యులు ఖైదీలపై చేసిన ప్రయోగాల విచారణానంతరం 1947లో న్యూరెంబర్గ్ నియమావళి వెలువడింది. స్వచ్ఛందమైన సమ్మతి అందులో మొదటి నియమం. 1964లో ప్రపంచ వైద్యసంఘం హెల్సింకి ప్రకటన చేసింది. రీడ్ స్వదేశంలోనే అలబామా రాష్ట్రంలోని టస్కెగీలో నల్లజాతికి చెందిన సిఫిలిస్ రోగులకు అసలు విషయం చెప్పకుండా, చికిత్స అందనీయకుండా 1932 నుండి 1972 వరకు పరిశీలించారు.

భారతదేశంలో భారత వైద్య పరిశోధనా మండలి 1980లో తొలి విధాన ప్రకటనను, 2000లో మార్గదర్శకాలను వెలువరించింది. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ప్రయోగంలో పాల్గొనే వ్యక్తికి అర్థమయ్యే భాషలో వివరించి వ్రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి. 2009-10లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నిరోధక టీకా వేసిన కార్యక్రమంలో, అనేక సమ్మతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వసతిగృహాల వార్డెన్లు సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం దీనిని తీవ్రంగా తప్పుపట్టింది. పత్రం ఉన్నంత మాత్రాన సమ్మతి ఉన్నట్లు కాదని ఈ సంఘటన తెలుపుతుంది.

స్మారకాలు

1909లో వాషింగ్టన్‌లో ప్రారంభించిన సైనిక ఆసుపత్రికి వాల్టర్ రీడ్ పేరు పెట్టారు. 2011లో దానిని మూసివేసి, మేరీల్యాండ్ రాష్ట్రంలోని బెథెస్డాలో ఉన్న నౌకాదళ ఆసుపత్రితో విలీనం చేశారు. విలీనమైన ఆసుపత్రి కూడా రీడ్ పేరుతోనే ఉంది. ఇతని పరిశోధనలు ఇతివృత్తంగా 1934లో ఎల్లో జాక్ అనే నాటకం, 1938లో అదే పేరుతో చలనచిత్రం వచ్చాయి. 1937లో మాక్స్ థీలర్ ఈ వ్యాధికి సమర్థమైన టీకా రూపొందించి 1951లో నోబెల్ బహుమతి పొందాడు. ఎల్లో ఫీవర్‌ను వ్యాపింపజేసే ఏడిస్ ఈజిప్టై దోమయే తెలుగునాట డెంగీ, చికున్ గున్యా జ్వరాలకు కూడా కారణం. నీటితొట్లకు మూతలు పెట్టమని, నిలువనీరు పారబోయమని ఆరోగ్య కార్యకర్తలు చెప్పే మాటలకు మూలం హవానాలో ఉంది.

1929లో అమెరికా కాంగ్రెసు రీడ్, అతని సహచరులు, ప్రయోగాలలో పాల్గొన్న సైనికులు తదితరులు మొత్తం 22 మంది పేర్లతో గౌరవ జాబితాను ప్రకటించి బంగారు పతకాలు ప్రదానం చేసింది. కొందరికి అవి మరణానంతరం లభించాయి. ఒప్పంద పత్రం వ్రాసి అదే శిబిరంలో దోమకాటుకు చేయి చాచిన స్పెయిన్ వలసదారుల పేర్లు మాత్రం ఆ జాబితాలో లేవు.